పిండిమర సింగారమ్మ, పలకని హెడ్‌ఫోన్లు

అనగనగనగా, పొద్దున్న లేస్తే పిండిమర మోత తప్ప ఇంకేమీ వినపడని వీధి ఒకటి ఉండేదిట. ఊఁ కొట్టు. గట్టిగా కొట్టాలి. నువ్వు ఊఁ అనకపోతే నేను గోడకి కథ చెప్పుకుంటున్నట్టుంటుంది.

ఆ వీధిలో సింగారమ్మ అని ఒకావిడ. ఆ మర ఆవిడదే. కాపరానికి వచ్చిన దగ్గర్నించీ దాని పక్కనే నిలబడి, ఊరందరి బియ్యం, గోధుమలు, మినుములు పిండి ఆడించి ఇచ్చింది. గడగడా గడగడా, పొద్దస్తమానం అదే మోత. అందులో ఉండీ ఉండీ పాపం ఆవిడ చెవులు మొద్దుబారిపోయాయి.

చెవులు పోతే మనిషికేం వస్తుందో తెలుసా? కోపం వస్తుంది. ఎందుకు రాదూ? ఎదురుగా ఉన్నవాళ్ళు పెదాలు కదుపుతారు, ముసిముసిగా నవ్వుకుంటారు, ఏంటని అడిగితే ‘ఏం లేదులే’ అని చెయ్యి ఊపేస్తారు. ఆ ‘ఏం లేదులే’ ఉంది చూశావూ, ఒళ్ళు మండించే మాట అంతకంటే ఇంకోటి లేదు. వెనకాల చెవిటి మాలోకం అని కూడా అనేవాళ్ళు. అన్నవాళ్ళ నోళ్ళు పడిపోను! నువ్వు నవ్వుతున్నావా? నవ్వితే కథ ఇక్కడే ఆపేస్తా, చెప్తున్నా.

సింగారమ్మకి ఒక్కతే కూతురు, కుసుమ. పట్నంలో రేడియోలో పనిలో చేరింది. ఒకసారి ఇంటికొచ్చినప్పుడు అమ్మ కోసం హెడ్‌ఫోన్లు తెచ్చింది. వైరు ఉండదు, రెండు చెవులకీ కొబ్బరిచిప్పల్లా కప్పుకుంటాయి. అవి అమ్మ ఫోనుకి కలిపి, అమ్మ తలకి తగిలించి, పక్కగదిలోకి వెళ్ళి, ఫోన్ చేసి “అమ్మా” అంది.

సింగారమ్మ ఉలిక్కిపడింది. ఎన్నాళ్ళయిందో ఆ పిలుపు తిన్నగా చెవిన పడి! కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అవి ఎవరన్నా చూస్తారేమోనని “ఎందుకే ఆ అరుపు, నాకేమన్నా చెవుడా!” అని కసురుకుంది.

ఆ తర్వాత రోజూ సాయంత్రం తల్లీకూతుళ్ళ కబుర్లే కబుర్లు. ఆ కాసేపూ సింగారమ్మకి కోపం రాదు. మిగతా పొద్దంతా వస్తుంది.

అప్పుడు దసరా వచ్చింది. ఆయుధపూజ నాడు మర ఆపేసి, కడిగి, తుడిచి, పనిముట్లన్నిటికీ గంధం, కుంకుమ పెడతారు కదా. ఆ ఇంట్లో బొట్లు పెట్టే పని సింగారమ్మదే, ఇంకెవరూ చెయ్యి వెయ్యకూడదు. ఆవిడ చిక్కగా గంధం తీసి, మరకి పెట్టింది, మర బెల్టుకి పెట్టింది, కాటాకి, జల్లెడకి, స్పానరుకి పెట్టింది. ఆ తర్వాత హెడ్‌ఫోన్లు తెచ్చి మర మీద పెట్టుకుని, “నాకు ఇంతకంటే పనిముట్టేదీ” అంటూ రెండు చిప్పలకీ, పైన పట్టీకీ, కిందా పక్కనా వేలు ఆగిన చోటల్లా గంధం అద్ది, దాని మీద కుంకుమ పెట్టింది.

పక్కనే హారతి పళ్ళెం పట్టుకుని నీలవేణి నిలబడి ఉంది. నీలవేణి అంటే సింగారమ్మ తోడికోడలు, పక్క వాటాలోనే ఉంటుంది. ఆవిడ హెడ్‌ఫోన్ల కేసి వేలు చూపించి, నవ్వుతూ ఏదో అంది.

“ఏంటే?” అంది సింగారమ్మ.

నీలవేణి మళ్ళీ అంది. సింగారమ్మకి ముక్క అర్థం కాలేదు. “ఏంటే అంటే!” అని గట్టిగా అరిచింది. అప్పుడు నీలవేణి విసిగిపోయి, ఏం లేదులే అని చెయ్యి ఊపేసి హారతి ఇచ్చింది.

ఇంకేముంది! సింగారమ్మకి అరికాలి మంట నెత్తికెక్కింది. పండగపూట కదాని ఊరుకుంది గానీ, ఆ నవ్వు మాత్రం మనసులో పెట్టుకుంది.

ఆ సాయంత్రం కుసుమ ఫోన్ చేసింది. “అమ్మా, రేపు సాయంత్రం వార్తలు నేనే చదువుతున్నానే! మొదటిసారి. ముందే చదివి దాచేది కాదు, అప్పటికప్పుడే. ఊళ్ళో ఎవరు విన్నా వినకపోయినా నువ్వు వినాలి, సరేనా?” అంది.

సరేనే తల్లీ అని సింగారమ్మ అంటూ ఉండగానే చార్జింగు అయిపోయి, హెడ్‌ఫోన్లు మూగబోయాయి. అప్పుడు ఆవిడ వైరు తెచ్చి గుచ్చింది. అది బిగుతుగా ఉండి సగమే దిగింది. బొటనవేలితో బలంగా నొక్కేసి, పడుకుంది.

తెల్లారి తలకి పెట్టుకుని బటన్ నొక్కితే, లైటు లేదు, చప్పుడు లేదు. మళ్ళీ నొక్కింది. బటన్ మీద కసి తీర్చుకున్నట్టు టకటకా నొక్కింది. ఊహూఁ.

“ఏవయ్యోయ్!” అని కేకేసింది. ఆవిడ మొగుడు దాలయ్య నోట్లో పళ్ళపుల్లతోనే పరిగెత్తుకొచ్చాడు. “తడిచేతుల్తో ముట్టుకున్నావు కదూ? నేను మాట్లాడుకుంటుంటే నీకు కళ్ళమంట!” అని ఆ పూటకి సరిపడా దులిపేసింది. దాలయ్య అసలు వాటి జోలికే వెళ్ళలేదు. పాపం ప్లగ్గు మార్చి చూశాడు, వైరు మార్చి చూశాడు. అదే వైరు ఫోనుకి పెడితే ఫోను చక్కగా ఎక్కుతోంది. హెడ్‌ఫోన్లు మాత్రం చలించవు. ఆయన అటు తిరిగి, తనలో తను ఏదో గొణుక్కుంటూ మర దగ్గరికి పోయాడు. ఏమన్నాడో ఆవిడకి వినపడలేదు. అదీ ఇంకో కోపం.

ఆ తర్వాత సింగారమ్మ హెడ్‌ఫోన్లు కొంగులో చుట్టుకుని, బజారులో ఫోన్లు బాగుచేసే కరీముల్లా కొట్టుకి వెళ్ళింది. కరీముల్లా మంచివాడే. బటన్ వదలకుండా చాలాసేపు నొక్కి పట్టుకుని చూశాడు. అలా పట్టుకుంటే ఒక్కోసారి లేస్తాయిట. లేవలేదు. అప్పుడు వాటిని తిప్పి చూసి, ఎర్రగా ఇదేంటని సైగ చేసి, గుడ్డ తీసి తుడవబోయాడు.

“చెయ్యి తియ్!” అని అరిచింది సింగారమ్మ. “పూజలో పెట్టిన బొట్టది! తనంతట తను రాలాలే గానీ తుడవకూడదు. తుడిచావంటే నీ కొట్టు ముందు కూర్చుని శాపనార్థాలు పెడతా!”

కరీముల్లా హడిలిపోయి గుడ్డ కింద పడేశాడు. లోపల బ్యాటరీ పోయి ఉంటుందని చేతులు తిప్పాడు. ఇలాంటి పెద్దవి తన దగ్గర లేవు, పట్నం నుంచి తెప్పించాలని సైగలతోనే చెప్పాడు. ఉన్న చిన్నవి చెవుల్లో పెట్టి చూస్తే, ఎక్కడో దోమ పాడినట్టుంది. అప్పటికే ఎండ వాలిపోతోంది. కూతురు చదివేది ఇంకాసేపట్లోనే. సింగారమ్మకి భయం పట్టుకుంది. భయమేస్తే భయమని చెప్పచ్చుగా? చెప్పదు. ఆవిడకి భయం కూడా కోపంగానే వస్తుంది.

దారంతా ఆలోచించుకుంటూ వచ్చింది. మొగుడు కాదు, కొట్టువాడు కాదు, మరెవరు? వేలు చూపించి నవ్విందెవరు?

అప్పుడు తిన్నగా నీలవేణి వాకిట్లోకి వెళ్ళి నిలబడింది. నీలవేణి చేటలో బియ్యం చెరుగుతోంది. “ఏం చేశావే నా హెడ్‌ఫోన్లని? నా కూతురు రేడియోలో మాట్లాడుతుంటే నీకు కడుపు మండిపోయింది కదూ? నీకు పిల్లల్లేరు, అందుకని నా పిల్ల గొంతు నా చెవిన పడకుండా చేశావు!” అంది.

చూశావా. ఎంత కోపం వచ్చినా ఆ మాట అనకూడదు. సింగారమ్మ అనేసింది. వీధి వీధంతా విన్నది, ఆవిడ గొంతు అలాంటిది మరి.

నీలవేణి చేట కింద పెట్టింది. మొహం కందగడ్డ అయిపోయింది. ఏదో అనబోయి, ఈవిడకి ఎలాగూ వినపడదని గుర్తొచ్చి, ఇంకా మండిపోయింది. అప్పుడు గబగబా వచ్చి సింగారమ్మ చేతిలోంచి హెడ్‌ఫోన్లు లాక్కుంది. బొట్టున్న పనిముట్టు మీద ఆ ఇంట్లో ఎవరూ అబద్ధపు ఒట్టు వెయ్యరు. అవి రెండు చేతుల్తో ఎత్తి కళ్ళకద్దుకుని ప్రమాణం చెయ్యబోయింది.

అద్దుకునేది కాస్తా ఆగిపోయింది. కళ్ళకి దగ్గరగా పెట్టుకుంది కదా, అప్పుడు కనిపించింది. కింది వైపు, వైరు గుచ్చే బుల్లి కన్నం ఉంటుందే, సరిగ్గా దాంట్లో గంధం! ఎండిపోయి, సున్నంలా గట్టిపడి ఉంది. దాని మీద కుంకుమ. వైరుతో నొక్కిన నొక్కుడికి ఇంకా లోపలికి పోయి కూర్చుంది.

నీలవేణి ఆ కన్నం సింగారమ్మ కళ్ళముందు పెట్టింది. సింగారమ్మ బొటనవేలు పట్టుకుని దాని మీద పెట్టింది. ఈ ఇంట్లో బొట్లు పెట్టే వేలు ఎవరిదని అడుగుతున్నట్టు. ఆ తర్వాత, పూజ నాడు ఎలా వేలు చూపించిందో మళ్ళీ అలాగే చూపించి, ఒక్కో మాటా విడదీసి, పెదాలు కనపడేటట్టు అంది. “కన్నంలో. పెడుతున్నావక్కా. అన్నాను. నిన్న.”

సింగారమ్మకి ఈసారి అర్థమైంది. అంతా అర్థమైంది.

నీలవేణి మాత్రం ఆగలేదు. చీపురులోంచి పుల్ల విరిచింది. బొట్టు తియ్యనా అని కనుబొమ్మలు ఎగరేసింది. సింగారమ్మ లెంపలు వేసుకుని, అమ్మవారికి దణ్ణం పెట్టుకుని, తియ్యమని తల ఊపింది. నీలవేణి పొడిపుల్లతో నెమ్మదిగా గీకింది, ఊదింది, మళ్ళీ గీకింది. గంధం పొడిపొడిగా రాలింది. అప్పుడు వైరు పెడితే టక్కున దిగింది. ఎర్రలైటు వెలిగింది!

వెలిగితే సరిపోతుందా? ఒట్టిపోయిన బ్యాటరీ, కాస్త ఎక్కితే గానీ లేవదు. ఈలోగా సింగారమ్మ ఫోనులో పెట్టుకున్న రేడియోలో వార్తలు మొదలైపోయాయి. నీలవేణి చెవులు నిక్కించుకుంది. కుసుమ గొంతు! సింగారమ్మ ఫోను చెవికి అదుముకుంది, అటు చెవికి, ఇటు చెవికి. గుసగుసే తప్ప మాట లేదు. “ఏమంటోందే? ఏమంటోందే నా తల్లి?” అని ఏడుపు మొదలెట్టింది.

నీలవేణికి కోపం పోలేదు. ఎలా పోతుంది? అయినా వచ్చి ఎదురుగా బాసింపట్టు వేసుకుని కూర్చుంది. సింగారమ్మ గడ్డం పట్టుకుని తనకేసి తిప్పుకుంది. కుసుమ ఒక మాట చదివితే, నీలవేణి ఆ మాట పెద్దగా, పెదాలు విప్పి అనేది. వానల వార్త చెప్పింది. రోడ్ల వార్త చెప్పింది. కబడ్డీ వార్త చెప్పింది. కళ్ళు నిప్పుల్లా ఉన్నాయి, ముక్కు ఎగబీలుస్తోంది, మాట మాత్రం ఒక్కటీ వదల్లేదు. సింగారమ్మ ఆ పెదాలే చూస్తూ కూర్చుంది.

అంతలో హెడ్‌ఫోన్లకి నీలంలైటు మిణుకుమంది. నీలవేణి వాటిని లాగి సింగారమ్మ చెవులకి తగిలించింది. కొబ్బరిచిప్పల్లోంచి కుసుమ గొంతు, తేటగా, పక్కన కూర్చుని చెప్పినట్టు వచ్చింది. “వార్తలు ఇంతటితో సమాప్తం. చదివింది కుసుమ.”

అంతే. సింగారమ్మ విన్నది ఆ ఒక్క ముక్కే. మిగతాదంతా ఎటు పోయింది? తిట్లలో పోయింది. దాలయ్యని తిట్టడంలో కొంత, కరీముల్లాని తిట్టడంలో కొంత, నీలవేణిని అనరాని మాట అనడంలో కొంత.

సింగారమ్మ తల ఎత్తేసరికి నీలవేణి లేచి లోపలికి వెళ్ళిపోతోంది. “ఆగవే” అంది సింగారమ్మ. “నీకు నామీద పీకల్దాకా కోపం ఉంది. నాకు వినపడదని దిగమింగుకుంటున్నావు. దిగమింగుకోకు. లోపలికెళ్ళి నీ ఫోన్లోంచి నాకు ఫోన్ చెయ్. చేసి తిట్టు. ఇప్పుడు నాకు వినపడుతుంది.”

నీలవేణి తలుపు ధడేలున వేసుకుంది. చెయ్యదేమో అనుకుంది సింగారమ్మ. గడప మీదే కూర్చుంది. కాసేపటికి చెవుల్లో గణగణమంది.

“నీకసలు బుద్ధుందా?” అని మొదలెట్టింది నీలవేణి. అమ్మో, ఎన్ని తిట్లని! మొగుణ్ణి ఊరికే అన్నందుకు తిట్టింది. నోరు తెరిస్తే చాలు కసురుకుంటున్నందుకు తిట్టింది. ఆ తర్వాత అసలు మాటకొచ్చింది. “నాకు పిల్లల్లేరా? కుసుమకి జడలేసిందెవరు? నువ్వు మర దగ్గరుంటే, దాన్ని ఒళ్ళో పడుకోబెట్టుకుని పలక మీద అక్షరాలు దిద్దించిందెవరు? ఇవాళ అది చదివిన అక్షరాలు ఎవరు నేర్పినవి? చెప్పు!”

“నువ్వేనే” అంది సింగారమ్మ. “అది మన పిల్ల. నాది తప్పు. వినపడుతోందే, అన్నీ వినపడుతున్నాయి. ఇంకా తిట్టు.”

నీలవేణి ఇంకా తిట్టింది. సింగారమ్మ గడప మీద కూర్చుని, ఒక్కటీ పోనివ్వకుండా, కథ వింటున్న పిల్లలా ఊఁ కొడుతూనే ఉంది. ఊఁ... ఊఁ...

మరుసటి ఏడు ఆయుధపూజకి సింగారమ్మ గంధం తీసి, ముందుగా నీలవేణి గడ్డం పైకెత్తి నుదుట బొట్టు పెట్టింది. హెడ్‌ఫోన్లకి మాత్రం వాటి డబ్బా మీద పెట్టింది.

నువ్వేంటి, ఊఁ కొట్టడం మానేశావు? సరేలే, కళ్ళు మూసుకో.

బొట్టేమో నుదుటికి,
మాటేమో చెవికి,
కోపమేమో మరలోకి,
పిండేమో జల్లెడకి,
కథ నడిచి కంచికి,
మనం మళ్ళీ ఇంటికి,
నువ్వేమో నిద్దరకి!