బొమ్మల తెరలో ఏనుగు కన్ను

అనగా అనగా ఓ ఊరుండేదర్రా. ఆ ఊరికి ఓ బొమ్మల తెర. ఇంత పొడుగు, ఈ గోడ నుంచి మన పశువుల పాక దాకా! ఏనుగులు, నెమళ్ళు, పడవలు, పెళ్ళి ఊరేగింపులు. ఒకరు నేశారు, ఒకరు రంగులు కాచారు, ఒకరు బొమ్మలేశారు. అందుకని అది ఊరందరిదీ. చెక్కపెట్టెలో పెట్టి తవిటయ్య తాతని కాపలా ఉంచారు. ఊ కొడుతున్నారా? కొట్టండి మరి.

ఆ తెర ముక్క ఒంటి మీదుంటే దిష్టి తగలదని ఎవరో అన్నారు. ఇంకేం! ఉయ్యాల్లో పిల్లకో ముక్క, ఊరెళ్ళే వాడికో ముక్క, బాలింతకో ముక్క, బడికెళ్ళే వాడికో ముక్క. అందరిదీ కదా, గోరంత తీసుకుంటే ఏం పోయిందని ప్రతివాళ్ళూ అన్నవాళ్ళే. తాత పాపం వద్దు వద్దంటూనే, పసివాళ్ళ పేరు చెప్పేసరికి కరిగిపోయేవాడు.

ఓ రోజు రాజుగారు తెర చూస్తానని వచ్చారు. విప్పితే ఏముంది, జల్లెడ! ఊరంతా ఒక్క గొంతుతో ఎలుకలు కొరికాయనేసింది. మీరూ ఇలాంటి అబద్ధాలాడారో, చూడండి! రాజుగారికి కోపం వచ్చి, ఎలుకల్ని ఆపలేనివాడు కాపలాకెందుకు, ఊరు విడిచి పొమ్మని తాతని గదమాయించారు. ఎవరెవరు కత్తిరించారో తాతకి తెలుసు. అయినా తలొంచుకుని చేతికర్ర తీసుకున్నాడే గానీ ఒక్కరి పేరూ చెప్పలేదు.

ఆ ఊళ్ళో అచ్చియ్యమ్మని ఓ కోడలుండేది. తాతని చూసి దానికి సిగ్గుతో ప్రాణం చచ్చిపోయింది. అత్త చెయ్యి పట్టి లాగుతున్నా ఆగకుండా, చంకలో పిల్లాడికి తెర ముక్కతో కుట్టిన టోపీ ఊడదీసి, ఆ ఎలుకని నేనే బాబూ అని రాజుగారి ముందు పెట్టింది. అంతే! టోపీలొచ్చాయి, తాయెత్తులొచ్చాయి, బొంతలొచ్చాయి. ఊరంతా తాత ముందు లెంపలేసుకుంది. తొందరపడ్డానని రాజుగారూ తాత చెయ్యి పట్టుకున్నారు. అందరూ చుట్టూ కూర్చుని తెర కుట్టుకున్నారు, పరమాన్నం వండుకు తిన్నారు.

కానీ ఏనుగు కంటి దగ్గర మాత్రం చిల్లు అలాగే ఉండిపోయింది. ఆ ముక్క ఎవరి దగ్గరుందని ఎంతడిగినా ఎవరూ పలకలేదు.

ఎవరంటే... ఏం చెప్పనర్రా, నాకే నోరు రావట్లేదు. మా అమ్మమ్మకి అమ్మమ్మ. గోరంతే కదా అని కొంగున ముడేసుకుంది. కూతురికిచ్చింది, ఆవిడ తన కూతురికిచ్చింది. ఇదిగో, నా వక్కల సంచిలో చూడండి, నల్లగా, గుండ్రంగా. ఇన్నేళ్ళూ సిగ్గులేకుండా దాచుకున్నాను. అందరిదీ అన్నాక అందరం కాయాలి గానీ, తలో ముక్కా కోసుకుంటామటర్రా?

కథ కంచికి వెళ్తే వెళ్ళనీ. మనం మాత్రం పొద్దున్నే ఆ ఊరికి. సూదీ దారం నేను తెస్తా.