లూప్ పక్కన ఇంకో దారి

ఎవరైనా ప్రశ్న అడిగితే వాళ్ల చేతికి స్క్రూడ్రైవరు ఇవ్వడం దేవసహాయం మాస్టారికి అలవాటు. సికింద్రాబాదులో ఆయన ఉండే గది నిండా విప్పిన గిటార్ ఆంప్లిఫయర్లే. నలభై ఏళ్లుగా వాటిని బాగుచేస్తూ, నేర్చుకుంటామని వచ్చినవాళ్లకు నేర్పుతూ ఉన్నారు. నోటితో చెప్పిన జవాబులు మాత్రం తక్కువ.

ఆయన దగ్గర రెండేళ్లుగా పని నేర్చుకుంటున్న సలోమి రైల్వే వర్క్‌షాపులో వైరింగు చేస్తుంది. ఒక శనివారం పొద్దున్నే కొడుకు ఆంప్లిఫయరు మోసుకొచ్చి బల్ల మీద పెట్టింది. పెట్టింది గానీ దాని సంగతి ఎత్తలేదు.

"పిల్లల్ని ఎంతవరకు కాచుకోవాలి మాస్టారూ?" అంది.

ఆమె మాట తక్కువ మనిషి. మిగతాదంతా ఆయనే అడిగి రాబట్టుకోవలసి వచ్చింది. కొడుకు సైలస్‌కి ఇరవై రెండేళ్లు. చర్చి క్వయర్‌లో, అంటే పాటల బృందంలో, గిటారు వాయించేవాడు. ఏడు నెలల కిందట బండి మీంచి పడితే కుడి మణికట్టు రెండుచోట్ల విరిగింది. ఎముక అతుక్కుంది గానీ వేళ్లలో మునుపటి సత్తువ లేదు. రేపటి ఆరాధనలో ఒక్క పాటకైనా వాయించమని క్వయర్ పెద్ద అడిగితే, వాడు నోరు తెరిచేలోపే ఈవిడ వద్దనేసింది. మనసు మారితే సాయంత్రంలోగా చెప్పమన్నాడట ఆయన. నలుగురి ముందు వాయిస్తూ తడబడితే వాడు ఇక గిటారు ముట్టడేమోనని ఆమె భయం. ఆసుపత్రి వరండాలో కూర్చుని వచ్చినప్పటి నుంచీ, ఇంట్లో గిన్నె జారిపడినా ఆమె పరుగెత్తుకెళ్లి చూస్తుంది.

మాస్టారు స్క్రూడ్రైవరు అందించి, ఆంప్లిఫయరును వెనక్కి తిప్పమన్నారు.

వెనక రెండు సాకెట్లున్నాయి. గిటారు శబ్దం ఒకదాంట్లోంచి బయటికొచ్చి, మధ్యలో ఏ పెట్టె తగిలిస్తే దాంట్లోంచి నడిచి, రెండోదాంట్లోంచి మళ్లీ లోపలికి పోతుంది. దాన్నే ఎఫెక్ట్స్ లూప్ అంటారు. ఆ రెండింటి మధ్య అరచేతిలో ఇమిడేంత నల్లపెట్టె ఒకటి వేలాడుతోంది. నాయిస్ గేట్ అది. ఇంత మోత ఉండాలని నాబ్‌తో పెట్టిన హద్దుకు తక్కువైన శబ్దం ఏది వచ్చినా తలుపు వేసేస్తుంది.

"ఇదెవరు పెట్టారమ్మా?"

తానేనంది. ఆంప్లిఫయరు సన్నగా రొద పెడుతుంటే కొడుక్కి చిరాకని, ఆ రొద బొత్తిగా పోయేదాకా దాని నాబ్ తిప్పి పెట్టిందట.

మాస్టారు మూలనున్న గిటారు తగిలించి తీగను గట్టిగా మీటారు. గది దద్దరిల్లింది. ఈసారి మెల్లగా మీటారు. ఏమీ రాలేదు. ఇంకోసారి, అంతే మెల్లగా. తీగ కదలడం కనిపిస్తూనే ఉంది. స్పీకరు పలకలేదు.

సలోమి కుర్చీ లాక్కుని కూర్చుంది. వేళ్లు పలకడం లేదమ్మా అని వాడు గిటారు గోడకు ఆనించేసిన సాయంత్రాలు ఎన్నని. వాడి వేళ్లు పలుకుతూనే ఉన్నాయి.

లేచి ఆ పెట్టెను పీకెయ్యబోయింది. మాస్టారు వద్దన్నారు. దాని పని దానికుంది, ఉండనిమ్మన్నారు. పక్కనే ఇంకో దారి వెయ్యమన్నారు.

ఆమె ప్లగ్గు పీకి, కెపాసిటర్లలో నిలిచిన కరెంటు దించేసి, పనిలోకి దిగింది. బయటికిపోయే శబ్దాన్ని రెండుగా చీల్చింది. ఒక పాయ పెట్టెలోంచే పోతుంది. ఇంకోటి ఎక్కడికీ పోకుండా లోపల్లోపలే తిన్నగా ముందుకు నడుస్తుంది. రెండూ కలిసేచోట, ఏది ఎంత కావాలో తిప్పుకునేందుకు ఒక నాబ్ బిగించింది. టంకం వేసేటప్పుడు సలోమి గురి తప్పదని మాస్టారు అందరికీ చెబుతుంటారు. ఆ పూట ఒకచోట పక్కకు పడింది. పడిన టంకం తీసేసి మళ్లీ వేసింది.

మధ్యాహ్నం సైలస్‌కి ఆమే ఫోను చేసి పిలిచింది. వాడు వచ్చి, ఏమిటన్నట్టు ఇద్దరినీ చూసి, గిటారు అందుకున్నాడు. కొత్త నాబ్ సగానికి తిప్పి మెల్లగా మీటాడు. స్వరం వచ్చింది. సన్నగా సాగి సాగి, దానంతట అది ఆరిపోయింది. వెనకే రొద కూడా వినిపించింది. వాడు తన వేళ్లు చూసుకుని మళ్లీ మీటాడు.

అప్పుడు చెప్పింది ఆమె, ఆ పెట్టె చేసిందేమిటో, దాన్ని అంతలా తిప్పిందెవరో. వాడు వంగి ఆ పెట్టెను చూశాడు.

"అమ్మ ఇంట్లో నన్ను మాట్లాడనివ్వదు, సరే. దీని నోరు కూడా మూయించిందా మాస్టారూ?" అని నవ్వేశాడు.

ఒక పాట మొదలుపెట్టాడు. రెండుచోట్ల తప్పాడు. ఆగకుండా పూర్తిచేశాడు.

"రేపటికి ఏం చెప్పమంటావురా?" అని అడిగింది సలోమి. వాయిస్తానన్నాడు. ఆమె వరండాలోకి వెళ్లి, క్వయర్ పెద్దకు ఆ మాటే చెప్పి వచ్చింది.

వచ్చిందే గానీ నిలవలేకపోయింది. ఆంప్లిఫయరు దగ్గరికి పోయి, కొత్త నాబ్ మీద చెయ్యి వేసింది. ప్రార్థన వేళ అంతా నిశ్శబ్దంగా ఉంటుంది, ఈ రొద అందరికీ వినపడుతుందేమో మాస్టారూ అంది.

మాస్టారు కళ్లద్దాలు తుడుచుకుంటూ అన్నారు, "వినపడనీ అమ్మా. అది వినపడని ఇన్నాళ్లూ ఇంకేది వినపడలేదో చూశావుగా."