ఎనిమిది జన్యువులు తక్కువ

మధుప్రియకి ఎనిమిది జన్యువులు తక్కువొచ్చాయి.

రొయ్య కాలేయంలో దూరి బతికే ఫంగస్ ఒకటుంది. అది పట్టిందంటే నూరు రోజులు మేపినా రొయ్య చిటికెనవేలు దాటదు. దాని జన్యువులన్నీ చదివి జాబితా రాయడం మధుప్రియ పని. రెండేళ్లు పట్టింది. తీరా చూస్తే, తిండిని శక్తిగా మార్చుకునే ఎనిమిది జన్యువులే లేవు.

అవి లేకుండా ఏ ప్రాణైనా ఎట్లా బతుకుద్ది? తనే ఎక్కడో పోగొట్టిందా? మళ్లీ చేసింది. లేవు. మూడోసారీ లేవు. యూనివర్సిటీకి ఇట్లాగే ఇస్తే, సగం పనే చేశావని వెనక్కి కొడతారు. డిగ్రీ ఇంకో ఏడాది పోయినట్టే.

ఫంగస్‌ని రొయ్యలోంచే తీయాలి కాబట్టి రెండింటి జన్యువులూ కలిసే వస్తాయి. రొయ్యవి ఏరేయడానికి కంప్యూటర్లో జల్లెడ లాంటిది ఒకటుంటుంది. మధుప్రియ ఆ జల్లెడ కన్నాలు కాస్త పెద్దవి చేసింది.

ఎనిమిదీ వచ్చి కూర్చున్నాయి.

సంతోషం మాత్రం రాలేదు. ఎక్కణ్ణించి వచ్చాయో అర్థం కాలేదు. అయినా జాబితాలో ఎక్కించి, ప్రింటు తీసుకుని తన గైడు ఇమ్మానుయేలు సార్ దగ్గరికెళ్లింది. ముప్ఫై ఏళ్లుగా రొయ్యల రోగాలు చూస్తున్న మనిషి.

"దొరికాయి సార్. ఎనిమిదీ."

"నిన్న లేవన్నావే?"

"ఇవాళ... ఉన్నాయి సార్."

సార్ కాగితాలు తిప్పను కూడా తిప్పలేదు. లేచి, అందరూ క్యారేజీలు పెట్టుకునే బల్ల దగ్గరికి నడిచాడు. ల్యాబ్ సీసాలకి అంటించే చీటీ ఒకటి తీసి, దాని మీద తన పేరు రాసి, మధుప్రియ క్యారేజీకి అంటించాడు. మూత తీసి తినడం మొదలుపెట్టాడు.

"సార్, అది నాది!"

"పేరు చూడమ్మా."

"పేరు ఇప్పుడేగా అంటించారు! మా అమ్మ చేసిన దోసకాయ పప్పు సార్ అది."

సీసాలు కడుగుతున్న కోటమ్మ పగలబడి నవ్వింది. "సార్ ఇంట్లో పొయ్యి వెలిగి పదేళ్లయింది పాపా. ఆయన బతికేదే మన క్యారేజీల మీద. నిన్న నాది ఖాళీ చేశాడు."

"విన్నావా కోటమ్మా," అన్నాడు సార్, ముద్ద కలుపుతూ. "ఈ అమ్మాయేమో మా ఇంట్లో పొయ్యి ఉందని రాసుకొచ్చింది."

మధుప్రియ చేతిలో కాగితం వైపు చూసింది. ఎనిమిదీ రొయ్యవే. చేతిలో కాగితం వైపు చూసింది.

"మరి యూనివర్సిటీ వాళ్లు అడిగితే సార్? ఎనిమిది ఏవీ అంటే?"

"లేవని రాయి. రొయ్య క్యారేజీ తిని బతికేదానికి పొయ్యెందుకు?"

మధుప్రియ బల్ల చివర కూర్చుని పెన్ను తీసింది. ఒక్కో పేరూ కొట్టేసుకుంటూ వచ్చింది.

ఎనిమిదోది కొట్టేసరికి క్యారేజీలో పప్పు అయిపోయింది.