వెనక్కి తిరగలేని బొరియ

అడవి ఎవరిది? తవ్వే గోరుది, మోసే మూపుది. కానీ కొండ దాటి దండెత్తి వచ్చిన తోడేళ్లు ఆ మాట వింటాయా? వాటికి లొంగనివాళ్లు జెముడు పొదల్లో దాక్కున్నారు. వాళ్లకు రహస్యంగా గింజలు మోస్తోందని పందికొక్కు చెంచమ్మను తోడేళ్లు పట్టుకుని వెట్టి శిబిరంలో పడేశాయి. అక్కడ ఎలుకలతో పాటు కుందేలు పోలయ్య కూడా ఖైదీయే.

కాపలా తోడేలు గండ్రయ్య ఒకరోజు హుకుం జారీ చేశాడు. "గుట్ట కింద చెర తవ్వండి. ముందు మీరు, తర్వాత పొదల్లో దాక్కున్న మీవాళ్లు. అంతా అందులోనే చావాలి. ఇరుకుగా ఉండాలి! లోపలికి పోయినవాడు వెనక్కి తిరగకూడదు."

"అయ్యగారి తెలివే తెలివి!" అంది చెంచమ్మ.

పోలయ్య పళ్లు కొరికాడు. "మన చెర మనమే తవ్వుకోవాలా? చస్తే తవ్వను! పోరాటం వర్ధిల్లాలి!"

"వర్ధిల్లాలంటే ముందు బతికుండాలి అల్లుడూ."

"నువ్వూ వాళ్లలో కలిశావా అత్తా?"

"ఒరే, మా ఇంటికి వాకిళ్లెన్నిరా?"

పోలయ్య చెవులు నిక్కబొడుచుకున్నాయి. పందికొక్కు ఒక్క వాకిలితో ఇల్లు కట్టదు. వెనకాల రెండోది తవ్వి, పైన పలచటి మట్టి పొర వదిలేస్తుంది. బయటివాళ్లకు అది కనపడదు. లోపలివాళ్లకు ముక్కుతో ఒక్క పోటు చాలు.

ఇక పోలయ్య తవ్వుడు చూడాలి!

గండ్రయ్య పని చూద్దామని బొరియలో తల దూర్చాడు. చెవుల దగ్గరే ఇరుక్కుంది. లోపల కిచకిచలు.

"ఏమిట్రా ఆ నవ్వులు?"

"దుమ్మండీ, తుమ్ములొస్తున్నాయి. లోపలికి దయచేయండి అయ్యగారూ, చూపిస్తాం."

"అక్కర్లేదు, బాగానే ఉంది," అంటూ గండ్రయ్య అతికష్టం మీద తల పీక్కున్నాడు.

పని ముగిసిన మధ్యాహ్నం ఖైదీలందర్నీ లోపలికి తోసి, వాకిలికి అడ్డంగా కాళ్లు చాపుకుని కూర్చున్నాడు. లోపల మట్టి వాసన కమ్మగా ఉంది. చెంచమ్మ ముందు నడిచింది. ఒక్క పోటు! ఎండ జల్లున లోపల పడింది. ఎదురుగా జెముడు పొద, పొదలో అయినవాళ్లు, వాళ్ల ముందు తుంగగడ్డల కుప్ప.

సాయంత్రం తోడేళ్ల దొర వచ్చాడు. "ఖైదీలేరీ?"

"లోపలే ఉన్నారు దొరా. వెనక్కి రాలేరు. ఆ ఏర్పాటు నాదే!"

"ఏదీ, పిలువు."

గండ్రయ్య వంగి గట్టిగా అరిచాడు. బొరియలోంచి చల్లటి గాలి రివ్వున వచ్చి మొహాన కొట్టింది. ఒక్క వాకిలున్న ఇంట్లో గాలెలా ఆడుతుంది? దొర గండ్రయ్య వైపు చూశాడు. గండ్రయ్య తోక కాళ్ల సందున దూరింది.

పొదలో పోలయ్య గడ్డ కొరుకుతూ అన్నాడు: "అయ్యగారి ఆజ్ఞ మీరలేదు అత్తా! ఒక్కరమూ వెనక్కి తిరగలేదు."

నీతి: బందీల చేత చెర కట్టించేవాడు దాని తాళంచెవి కూడా వాళ్ల చేతికే ఇస్తాడు.