తాటిచెట్టు మీద తాతయ్య

అనగా అనగా, తాటితోపుల మధ్య ఒక చిన్న ఊరు. ఆ ఊళ్ళో పల్లాలయ్య అని ఒక ముసలాయన. వయసులో ఉన్నప్పుడు రోజుకి ముప్పై తాటిచెట్లు ఎక్కి కల్లు దించేవాడట. ఊ కొడుతున్నారా? కొట్టాలి మరి, లేకపోతే నాకే నిద్రొచ్చేస్తుంది.

పల్లాలయ్యకి ఒక కొడుకు గంగరాజు, ఒక కూతురు మంగ. కోడలు సూరమ్మ. ఇప్పుడు కల్లు దించేది గంగరాజే. భార్య ఎప్పుడో పోయింది. పిల్లలు మంచివాళ్ళే, తిట్టుకోకండి. వేళకి అన్నం పెట్టేవాడు గంగరాజు, స్నానానికి వేణ్ణీళ్ళు తోడేవాడు. మంగ పొరుగూరి నుంచి వారం వారం వచ్చి, చేపల పులుసు వండి, మోకాళ్ళకి నూనె రాసి వెళ్ళేది. పడిపోతాడేమోనన్న భయంతో ఆయన మోకుని, అదే, నడుముకీ చెట్టుకీ కలిపి కట్టుకునే తాడుని, కొడుకు అటక మీద దాచేశాడు.

అన్నీ ఉన్నాయి. కానీ ఆయనతో మాట్లాడ్డమంటే రెండే మాటలు. తిన్నావా, పడుకో. పొద్దున్నా అదే, సాయంత్రమూ అదే. తిని పడుకుని, తిని పడుకుని, నేనింకా ఉన్నానా అనిపించిందట పాపం.

ఒకరోజు తెల్లవారుతుండగా అటకెక్కి మోకు దించాడు. తోపులో అన్నిటికన్నా పొడుగు చెట్టు చూసి ఎక్కేశాడు! ఎక్కడం ఎక్కాడు గానీ, పైకెళ్ళాక మోకాళ్ళు పట్టేశాయి. దిగలేడు. కేకేద్దామంటే సిగ్గు. ఆకుల్లో మూలుగుతూ ఉండిపోయాడు.

ఆ దారినే గేదెలు తోలుకెళ్ళే అప్పలస్వామి ఆ మూలుగు విన్నాడు. దయ్యమని ఒకటే పరుగు! అప్పలస్వామి నూతి దగ్గర చెప్పాడు, నూతి దగ్గరవాళ్ళు రేవులో చెప్పారు, రేవులోవాళ్ళు రచ్చబండ దగ్గర చెప్పారు, అక్కణ్ణుంచి సూరమ్మ వాకిట్లోకొచ్చింది కబురు. దయ్యం మూలుగుతోందమ్మా, మధ్య మధ్య దగ్గుతోందమ్మా అని. సూరమ్మ చేతిలో చీపురు అక్కడే పడేసింది.

"దయ్యాలు దగ్గుతాయా? అది మా మామయ్య దగ్గు!" అని పరిగెత్తింది.

వెనకాల గంగరాజు, ఆ వెనకాల ముందురోజే వచ్చిన మంగ. పైకి చూస్తే, చిటారున ఆకుల్లో పల్లాలయ్య! గంగరాజు ఇంకో మోకు కట్టుకుని గబగబా ఎక్కి, తండ్రి పాదాల కింద తన భుజం పెట్టాడు. దిగు నాన్నా అంటే, ఆయన చెట్టుని ఇంకా గట్టిగా పట్టుకున్నాడు. కింద మంగ ఏడుస్తూ తిడుతోంది. ఆయన మొహం ఆకుల్లోకి తిప్పేసుకున్నాడు.

సూరమ్మ ఆడపడుచు చెయ్యి పట్టుకుని ఊరుకోమంది. తల పైకెత్తి నెమ్మదిగా అడిగింది.

"మామయ్యా! గట్టు మీది చెట్టు ఈ ఏడు సరిగ్గా కల్లు దిగట్లేదు. మీ అబ్బాయి ఏం తప్పు చేస్తున్నాడంటారు?"

ముసలాయన ఆకుల్లోంచి కిందికి తొంగిచూశాడు. "కల్లు కారే గెల కొసని మందంగా గీస్తున్నాడే అమ్మాయీ! పల్చగా, ఉల్లిపొరలా గీయాలి," అన్నాడు. అంటూ ఒక కాలు దింపాడు, కొడుకు భుజం మీదకి.

"రోజుకి ఎన్నిసార్లు మామయ్యా?"

"రెండు పూటలా!" ఇంకో కాలు దిగింది.

ఒక మాట, ఒక అడుగు. ఒక మాట, ఒక అడుగు. ఇలా దిగీ దిగీ, చివరికి నేల మీద పాదం పెట్టాడు. అమ్మయ్య! చెట్టు కింద మూగిన ఊరంతా ఒక్కసారి ఊపిరి వదిలింది. గంగరాజు తిట్టలేదర్రా. తండ్రిని వాటేసుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

"నన్ను అడగొచ్చుగదరా, అన్నీ నాకు తెలుసుగదా," అన్నాడట ముసలాయన.

"అడుగుతాను నాన్నా. ఎక్కేది నేను, చెప్పేది నువ్వు."

మర్నాటి నుంచి ఆయన తోపులో కూర్చుని చెబుతుంటే కొడుకు గీసేవాడు. గట్టు మీది చెట్టు కుండ నిండా దిగింది. మంగ కూడా, వచ్చినప్పుడల్లా పక్కన కూర్చుని ఆయన చిన్ననాటి కబుర్లు అడిగేది.

ఎవరు గొప్ప అని అడక్కండి. కింద భుజం లేకపోతే ఉత్త మాట ఆయన్ని దింపుతుందా? మాట లేకపోతే భుజాన్ని నమ్ముతాడా? పెద్దవాళ్ళకి అన్నమూ కావాలి, ఆసరా కావాలి, నోరారా పలకరించేవాళ్ళూ కావాలి.

సరే, కథ కంచి దారి పట్టింది. మనం దుప్పట్లో దూరదాం, రండి.