భ్రమరాంబగారి శిఖరం

శోభనాద్రికి మోక్షం కావాలి. ఇంట్లోవాళ్లకి టిఫిను కావాలి. ఈ రెండూ ఒకే పొద్దున కుదరక అతను నలిగిపోతున్నాడు.

కళ్లు మూసుకుని కూర్చుంటాడా, కుక్కరు కూత పెడుతుంది. కూత ఆగితే కూతురు నీలవేణి దువ్వెన పట్టుకొచ్చి జడ వెయ్యమని ఒళ్లో కూర్చుంటుంది. తన ధ్యానం తాటాకు మంటలాంటిదని అతనికీ తెలుసు. అయినా తప్పు ఇంట్లోవాళ్లదనుకోవడంలో ఒక సుఖముంది.

చివరికి గురువు కంబగిరి స్వామి దగ్గరికి వెళ్లి కాళ్లమీద పడ్డాడు.

"సంసారాన్ని మోసుకుంటూ పైకెళ్లడం నావల్ల కాదు స్వామీ. నన్ను ఆశ్రమంలో చేర్చుకోండి."

స్వామి ఆశ్రమం వెనకాల కొండని చూపించారు. "రేపు మీవాళ్లందర్నీ తీసుకుని దాని శిఖరానికి రా. పొద్దు పొడిచేసరికి అందరూ రాళ్లకుప్ప దగ్గరుంటే నోరు మూసుకుని ఇంటికి పో. ఒక్కరు తగ్గినా, నీ చాప ఇక్కడ వేసుకో."

ఆ కొండకొక ఆనవాయితీ ఉంది. ఎక్కేవాళ్లు కిందనుంచి తలా ఒక రాయి పట్టుకెళ్లి శిఖరమ్మీద కుప్పలో వేస్తారు. రాయి కుప్పకి చేరితేనే మనిషి కొండెక్కినట్టు.

శోభనాద్రి లోలోపల గంతేశాడు. వాళ్లమ్మ భ్రమరాంబ మోకాళ్లు పెరటి గడప దాటడానికే మొరాయిస్తాయి. సన్యాసం ఖాయం!

మర్నాడు చీకటితోనే బయల్దేరారు. కొండ మొదట్లోనే నీలవేణి పెద్ద రాయి ఎత్తుకుంది.

"అంత బండ ఎందుకే?"

"చిన్నదైతే దేవుడికి కనపడదు నాన్నా."

భార్య కనకం చెప్పులు చేత్తో పట్టుకుని నవ్వింది. "ఏమండీ, పెళ్లయ్యాక మీరు నన్ను పైకి తీసుకెళ్లింది డాబా మీదికే. అదీ వడియాలు పెట్టడానికి."

సగం ఎక్కేసరికి చల్లగాలి తగిలింది. కింద ఊరి దీపాలు మిణుకుమంటున్నాయి. ఎక్కడో నెమలి అరిచింది. శోభనాద్రికేమైందో, వచ్చిన పనే మర్చిపోయాడు. నీలవేణిని బండతో సహా భుజాలమీద ఎక్కించుకున్నాడు. అమ్మ వెనక చేరి వీపుకి చెయ్యి ఆనించి, "ఇంకొంచెం అమ్మా! అదిగో, తూర్పు ఎర్రబడుతోంది!" అని ఒకటే కేకలు.

శిఖరం కాస్త దూరంలో ఉందనగా భ్రమరాంబ ఒక రాతిమీద కూలబడింది.

"ఒరే, ఇక నావల్ల కాదు. మీరు పొండి."

"లే అమ్మా! నేను మోస్తాను!"

"ముందు నీ ఊపిరి నువ్వు మొయ్యి నాయనా."

నీలవేణి భుజాలమీంచి దూకి తల్లి చెయ్యి పట్టుకుని పైకి పరుగెత్తింది. శోభనాద్రి అటు నాలుగడుగులు, ఇటు నాలుగడుగులు. కోరుకున్నదే జరుగుతోంది. మరి ఏడుపెందుకొస్తోందో అంతుపట్టలేదు. ఆఖరికి ఎగబాకుతూ వెళ్లి, కుప్ప పక్కన కూర్చున్న స్వామి ముందు రొప్పుతూ నిలబడ్డాడు.

"ఆవిడ రాయి నేను వేస్తాను స్వామీ. వచ్చినట్టే అనుకోండి. నన్ను ఇంటికి పంపించెయ్యండి!"

స్వామి లేచారు. కుప్పలో అన్నిటికన్నా పైనున్న రాయి తీసుకుని చకచకా కిందికి దిగారు. దాన్ని భ్రమరాంబ కాళ్ల ముందు పెట్టి, పక్కనే మఠం వేసుక్కూర్చున్నారు.

"నీ రాయి దీనిమీద పెట్టమ్మా."

ఆవిడ కొంగుముడి విప్పి, రాయి తీసి పెట్టింది.

వెనకాలే దిగొచ్చిన శోభనాద్రి తెల్లబోయాడు. "స్వామీ, శిఖరం పైన ఉంది కదా!"

"ఉండేది" అన్నారు స్వామి, తూర్పుకేసి చూస్తూ. "వాళ్లిద్దర్నీ తొందరగా రమ్మను. పొద్దు పొడుస్తోంది."

శోభనాద్రి ఒక్క క్షణం అమ్మని చూశాడు. తర్వాత వెనక్కి తిరిగి కొండంతా మారుమోగేలా అరిచాడు.

"కనకం! నీలూ! కిందికి రండి, పైకొచ్చేశాం!"