ఉప్పు గంజి మీద హక్కు

అడిగిన ప్రశ్నకు వెంటనే సమాధానం చెప్పడం విరూపాక్షాచార్యులవారికి అలవాటు లేదు. అడిగినవాడు ఎందుకు అడిగానురా అనుకునేలా ఏదో ఒక పని అప్పగించేవారు.

ఆ రాజ్యంలో కొత్త చికిత్స కనిపెట్టినవారికి దాని మీద హక్కు ఉండేది. ఇళ్లలో ఎవరైనా చేసుకోవచ్చు గానీ, ఆ చికిత్స చేసి సంపాదించే వైద్యులు మాత్రం కనిపెట్టినవారికి ధాన్యం కొలవాలి. అయితే ఏ వైద్యుడికైనా తట్టే చికిత్సకు హక్కు లేదు. తట్టేదో కాదో తేల్చి రాజుగారికి రాసే పని ఆచార్యులవారిది. ఒకసారి రేవుపట్నం నుంచి ముత్తమాంబ అనే వైద్యురాలు అర్జీ పెట్టుకుంది. వాంతులు, విరేచనాలు పట్టుకున్న రోగికి ఉప్పు వేసిన పల్చటి గంజిని, కక్కుతున్నా సరే, గుక్కగుక్కగా పట్టిస్తూనే ఉండాలట.

శిష్యుడు సోమనాథుడు అది చదివి నవ్వేశాడు. తెలివైన కుర్రవాడు, ఆ సంగతి అతనికీ తెలుసు.

"ఉప్పు లేని ఇల్లుందా, గంజి కాయని ఇల్లుందా గురువుగారూ? ఇది ఎవరికి తట్టదు? దీనికి హక్కిస్తే ఊరంతా నవ్విపోదూ?"

"రేపు సభలో నువ్వే రోగివి. ఈ అర్జీ సంగతి ఎవరితోనూ అనకు," అన్నారు ఆచార్యులవారు.

నెలకోసారి వైద్యులు కూడినప్పుడు ఒక శిష్యుణ్ణి రోగిగా పడుకోబెట్టి చికిత్స చెప్పడం అక్కడి ఆచారం. సభ ముగిసేదాకా వాళ్లు పెట్టమన్నదే తినాలి, వద్దన్నది ముట్టకూడదు. పైగా అవి రోహిణీకార్తె ఎండలు.

మర్నాడు పొద్దున్నే చాప మీద పడుకున్నాడు. ఆచార్యులవారు రోగలక్షణాలు చెప్పారు. వాంతులు, విరేచనాలు, గుంటలు పడ్డ కళ్లు, ఆగని దాహం. వైద్యుల్లో పెద్దవాడు గవరయ్య నాడి పట్టుకుని, "నీళ్లు చుక్క పోయకండి. లోపలికి పోయిందంతా రోగానికే బలం," అన్నాడు. తక్కినవాళ్లు తలలూపారు. ఒకరు లంఖణం అన్నారు, ఇంకొకరు విరేచనం కట్టే మాత్ర అన్నారు. మధ్యాహ్నానికి సోమనాథుడి నాలుక అంగిట్లో అతుక్కుపోయింది. ఉత్తుత్తి రోగి కాస్తా నిజంగానే "నీళ్లు... నీళ్లు" అని మూలిగాడు.

"చూశారా, లక్షణం ఎంత బాగా పట్టాడో!" అని గవరయ్య మెచ్చుకున్నాడు.

పొద్దు వాలాక ఆచార్యులవారు ముత్తమాంబ అర్జీ చదివి వినిపించారు. సభ గొల్లుమంది.

"ఓస్, ఇంతేనా! ఉప్పు గంజి మాకు తెలియదా ఆచార్యా? దీనికి మేం ధాన్యం కొలవాలా?" అన్నాడు గవరయ్య.

సోమనాథుడికి ఒళ్లు మండిపోయింది. అర్జీ చదివి తనూ ఇలాగే నవ్వానని అప్పుడతనికి గుర్తు రాలేదు. చాప మీంచి లేచి కూర్చుని, పీచుగొంతుతో అడిగేశాడు.

"తెలిస్తే పొద్దుటినుంచీ నాకెందుకు పోయలేదండీ?"

గవరయ్య ఉత్తరీయం సర్దుకున్నాడు.

"ముందు గంజి తాగు నాయనా," అన్నారు ఆచార్యులవారు. "తర్వాత నువ్విప్పుడు అడిగిన మాటే రాజుగారికి రాయి."